ఎకరం అమ్మకండి, ముందు పరుపు మార్చండి

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఎక్కడెక్కడో పరిశోధనలు జరుగుతున్నాయంటారు, పేపర్లో ఫొటోలు వేస్తారు, అవి మా దాకా ఎప్పుడొస్తాయి, వచ్చినవాటిలో ఏది నిజం, ఏది మోసం అని. నేను డాక్టర్ని కాదు. హనుమకొండలో ఇరవై ఏడేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను, పది నెలల వయసులో పోలియో వస్తే అప్పటి నుంచి ఎడమ కాలిని ఈడ్చుకుంటూ యాభై దాటాను. నా అర్హతలు ఈ రెండే. వాటితో ఎంత చెప్పగలిగితే అంత చెబుతాను. పేర్లు తీసేశాను, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మా ఆయన గీత కార్మికుడు సార్. రెండేళ్ల కింద తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. నడుము కింద స్పర్శ లేదు, మంచంలోనే ఉంటాడు. పిరుదు దగ్గర పుండు పడి మానడం లేదు, నెలకోసారి చలిజ్వరం వస్తోంది. పట్నంలో ఒకాయన మూలకణాల ఇంజెక్షన్లు నాలుగు ఇస్తే లేచి నడుస్తాడని, ఆరు లక్షలు అవుతుందని చెప్పాడు. ఉన్న ఎకరం అమ్ముదామని మా మరిది అంటున్నాడు. ఏం చెయ్యమంటారు? (పరకాల దగ్గరి పల్లె)

చెల్లెమ్మా, అమ్మొద్దు. కారణాలు తర్వాత చెబుతాను, ఈ పత్రిక మీ చేతికి వచ్చేలోపే ఎవరి దగ్గరన్నా బయానా తీసుకుంటారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

వెన్నుపాము దెబ్బతింటే మూలకణాలతో, అంటే ఒంట్లో వేరే రకం కణాలుగా మారగలిగే స్టెమ్ సెల్స్‌తో, బాగుచెయ్యొచ్చా అని చాలా దేశాల్లో పరిశోధన జరుగుతున్న మాట నిజమే. అయితే పరిశోధన జరుగుతోందంటే వైద్యం దొరికినట్టు కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ సంగతి సూటిగానే ఉంది: కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప, ఇంక దేనికైనా సరే మూలకణాలు వాడాలంటే అనుమతి ఉన్న ట్రయల్‌లోనే, అంటే మనుషుల మీద చేసే పరీక్షలోనే వాడాలి, బయట డబ్బు తీసుకుని ఇవ్వడం తప్పు. నిజంగా ట్రయల్ అయితే దాన్ని నడిపేవాళ్లు రోగి దగ్గర ఇంజెక్షన్‌కి ఆరు లక్షలు అడగరు, మీరు వాళ్లకు మేలు చేస్తున్నారు కాబట్టి పరీక్షల ఖర్చూ వాళ్లే పెట్టుకుంటారు. మీ మరిదిని ఒక్క ప్రశ్న అడిగి రమ్మనండి: "మీ ట్రయల్‌కి సీటీఆర్ఐ నంబరెంత?" మన దేశంలో మనుషుల మీద చేసే మందుల ట్రయల్స్ ఆ రిజిస్ట్రీలో నమోదు కావాలన్నది 2009 నుంచి తప్పనిసరి, ఎవరైనా ఫోన్‌లో చూసుకోవచ్చు. నంబరు చెప్పకుండా, "అవన్నీ మీకెందుకమ్మా, ఇంకో ఇద్దరు లేచి నడిచిన వీడియో చూపిస్తా" అన్నాడంటే ఇంక అక్కడ కూర్చోవద్దు.

మరి టీవీలో చూపించిందేమిటని అడుగుతారు. స్విట్జర్లాండ్‌లో లౌసాన్ అనే ఊళ్లో వెన్నుపాము మీద చిన్న ఎలక్ట్రోడ్లు అమర్చి, సరైన చోట సరైన సమయానికి కరెంటు పంపి, కాళ్లు పడిపోయినవాళ్లను నడిపించారు. 2018లో ముగ్గురి మీద చేసిన పని అచ్చయింది. 2023లో అయితే మెదడు నుంచి వచ్చే సంకేతాన్నే పట్టుకుని వెన్నుపాముకు అందించి ఒకాయనను నడిపించారు. నేను ఫిజిక్స్ వాణ్ని కదా, అది చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. కానీ దాని వెనక ఆపరేషన్లు, నెలల తరబడి రోజూ సాధన, పక్కనే ఇంజనీర్ల బృందం, చేతికి ఆసరా అన్నీ ఉన్నాయి. అది పరకాల దాకా రావడానికి టైమ్ పడుతుంది. ఆ రోజు వచ్చేదాకా మీ ఆయన ఆరోగ్యంగా ఉండాలి కదా, నా మాటంతా దాని గురించే.

ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది కాళ్లు కాదు, ఆ పుండూ ఆ చలిజ్వరమూ. ఒకప్పుడు వెన్నువిరిగినవాళ్లు చనిపోయింది ఈ రెండింటితోనే, పడక పుండ్లతోనూ మూత్రం ఇన్ఫెక్షన్‌తోనూ. మొదటి ప్రపంచ యుద్ధంలో అలా గాయపడ్డ సైనికుల్లో ఎక్కువమంది కొద్ది కాలానికే పోయారు, డాక్టర్లు కూడా వాళ్ల మీద ఆశ వదిలేసుకునేవాళ్లు. ఆశ వదలనివాడు లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు. యూదుడు కావడంతో 1939లో జర్మనీ వదిలి ఇంగ్లండ్ చేరాడు, 1944లో స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో వెన్నుపాము వార్డు అప్పగిస్తే ఆయన పెట్టిన పెద్ద రూలు ఏంటో తెలుసా? ప్రతి రెండు గంటలకూ, రాత్రయినా పగలైనా, మనిషిని పక్కకు తిప్పాలి. అంతే. ఆయనే రాత్రిళ్లు వార్డులో తిరిగి తిప్పారో లేదో చూసేవాడట. పుండ్లు తగ్గాయి, మనుషులు బతికారు, బతికినవాళ్లకు ఊరికే పడుకుంటే ఏం తోస్తుందని ఆటలు పెట్టాడు, 1948లో లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే తన ఆస్పత్రి పచ్చికలో పదహారు మందికి విలువిద్య పోటీ పెట్టాడు. అదే పెరిగి పారాలింపిక్స్ అయింది. మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024లో పారిస్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చింది చూడండి, ఆ పోటీల పుట్టుక ఆ రెండు గంటల రూలు దగ్గరుంది.

రెండోది మూత్రం. ఎప్పుడూ గొట్టం వేసి ఉంచితే ఇన్ఫెక్షన్ తప్పదు. 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ అనే డాక్టరు, గొట్టాన్ని నాలుగైదు గంటలకోసారి పెట్టి మూత్రం పోయాక గొట్టం తీసెయ్యండి, ఆపరేషన్ థియేటర్‌లోలాగా స్టెరైల్ అక్కర్లేదు, చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుంటే చాలు అన్నాడు. అప్పట్లో తోటి డాక్టర్లకు మింగుడుపడలేదు. ఒంట్లోని మూత్రాశయం ఉబ్బిపోకుండా ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుంటేనే ఇన్ఫెక్షన్‌ను ఒళ్లు తట్టుకుంటుందన్నది ఆయన వాదన, అదే నిలిచింది. మీ ఆయనకు చేతులు బాగున్నాయి కాబట్టి తనే నేర్చుకోగలడు. పేరు రాసిపెట్టుకోండి, క్లీన్ ఇంటర్మిటెంట్ క్యాథెటరైజేషన్, దవాఖానలో యూరాలజీ డాక్టర్ని ఇదే మాటతో అడగండి. జ్వరం నెలనెలా వస్తోందంటే కిడ్నీల స్కానింగు, మూత్రం కల్చర్ పరీక్ష ఈ వారమే చేయించండి. పుండు కూడా చూపించండి, లోతుగా ఉంటే ఇంటి వైద్యంతో మానదు.

ఇంట్లో చెయ్యాల్సింది: రెండు గంటలకోసారి తిప్పడం, రాత్రికి అలారం పెట్టుకుని మీరూ మరిదీ వంతులు వేసుకోండి. నులక మంచం తీసేసి మందమైన ఫోమ్ పరుపు, వీలైతే గాలి పరుపు. మధ్యలో బొక్క ఉండే రబ్బరు రింగు, లారీ ట్యూబు మీద కూర్చోబెడతారు మనవాళ్లు, అది వద్దు, చుట్టూ రక్తం ఆగిపోయి పుండు పెద్దదవుతుంది. కుర్చీలో కూర్చుంటే మంచి కుషన్ వేసుకుని, పావుగంటకో అరగంటకో చేతుల మీద ఒళ్లు పైకి లేపాలి. పుండు మానాక చక్రాల కుర్చీ సంగతి చూడండి, అదీ కొలతలు తీసుకున్నది. మద్రాస్ ఐఐటీ వాళ్ల దగ్గర పుట్టిన నియోబోల్ట్ అనే మోటారు ముక్క ఉంది, కుర్చీకి ముందు తగిలిస్తే బండిలా గంటకు 25 కిలోమీటర్ల దాకా పోతుంది. చెట్టెక్కే మోకూ ముస్తాదూ పట్టినవాడు మళ్లీ కల్లు మండువ దాకా తనంతట తను పోగలిగితే అదే సగం మందు. ఎకరం పైసల్లో కొంత భాగం చాలు వీటికి.

అన్నట్టు, మీ ఊళ్లో ఇంకా చెట్టెక్కేవాళ్లు ఉంటే, 2024లో ప్రభుత్వం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం కిట్టు వచ్చిందా అడగండి. వచ్చినా బరువుగా ఉంది, టైమ్ పడుతుంది అని ఇంట్లో పడేసినవాళ్లు ఉంటే మీ ఆయన్ను ఒకసారి చూపించండి.

ప్రశ్న: నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ ఫైనలియర్. బధిరుల సైగలను మాటలుగా మార్చే గ్లవ్ తయారుచేస్తున్నాం సార్. ఇది సమాజానికి ఉపయోగపడుతుందని మా గైడ్ అన్నారు. మీ సలహా?

బాబూ, ఇప్పటిదాకా ఎంతమంది బధిరులతో మాట్లాడావు? ఉత్తరం రెండుసార్లు చదివాను, ఒక్కరు కూడా కనపడలేదు.

కోపం తెచ్చుకోకు. ఈ గ్లవ్ ప్రతి ఏడాదీ ఎక్కడో ఒక కాలేజీలో పుడుతుంది, ఎగ్జిబిషన్‌లో ప్రైజు కొడుతుంది, బీరువాలోకి పోతుంది. 2016లో అమెరికాలో ఇద్దరు కుర్రాళ్లు ఇలాంటి దానికే పదివేల డాలర్ల బహుమతి కొడితే, అక్కడి బధిరులూ భాషా శాస్త్రవేత్తలూ బహిరంగ లేఖ రాసి తిట్టిపోశారు. ఎందుకంటే సైగల భాష చేతుల్లోనే ఉండదు. కనుబొమ్మలు పైకి లేపి తల కొంచెం ముందుకు వంచితే అదే మాట ప్రశ్న అవుతుంది. భుజం తిప్పితే మాట్లాడే మనిషి మారతాడు. గాలిలో ఒక చోట చూపించి "ఇక్కడ మా అన్న" అని పెట్టుకుంటే తర్వాత ఆ చోటును చూపిస్తే చాలు, అన్న అని అర్థం. నీ గ్లవ్‌కి ఇవేవీ కనపడవు. అది మన మాటల్లోంచి క్రియలన్నీ పీకేసి నామవాచకాలు మాత్రం వినడంలాంటిది. సైగలది పూర్తి వ్యాకరణం ఉన్న భాష అని అమెరికాలో విలియం స్టోకీ 1960లోనే చూపించాడు, మన భారతీయ సైగల భాష కోసం ఢిల్లీలో ప్రత్యేక సంస్థ 2015లో వచ్చింది. ఇంకో సంగతి, గ్లవ్ ఎవరు వేసుకోవాలి? బధిరుడు. ఎవరి సౌకర్యం కోసం? సైగలు నేర్చుకోవడం ఇష్టం లేని మన కోసం.

సరే, మంచి ఉదాహరణ కూడా చెబుతాను. ఢిల్లీ ఐఐటీలో ప్రొఫెసర్ బాలకృష్ణన్ బృందం స్మార్ట్‌కేన్ చేసింది. చూపులేనివాళ్ల తెల్లకర్రకు నేల మీద ఉన్నవి తెలుస్తాయి, మోకాలి పైనున్నవి తెలియవు. మన హంటర్ రోడ్డులో నడిచి చూడు, లారీ వెనక నుంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, కిందికి వేలాడే కొమ్మ, కొట్టు ముందు పెట్టిన బోర్డు, అన్నీ ఛాతీకీ మొహానికీ తగిలేవే. ఈ సమస్యను చెప్పింది చూపులేనివాళ్లు. కర్ర పిడికి అల్ట్రాసౌండ్ పరికరం తగిలించి, మూడు మీటర్ల దూరంలో ఉన్నదాన్ని కూడా పిడి వణుకుతో తెలిసేలా చేశారు. గబ్బిలం టెక్నిక్కే, కొత్తేమీ లేదు. కష్టమంతా తర్వాత వచ్చింది: వాడేవాళ్లకు ఇచ్చి, వాళ్లు పడేసుకుని, విరగ్గొట్టుకుని, పిడి ఇలా ఉంటే చెయ్యి నొప్పి అని చెప్పి, మళ్లీ మార్చి. 2014లో బయటికి వచ్చేసరికి ఏళ్లు పట్టింది. శబ్దం కాకుండా వణుకు ఎందుకు పెట్టారో తెలుసా? చూపులేనివాళ్లకు చెవులే రోడ్డు, వాటిని నీ బీప్ బీప్‌తో నింపేస్తే బండి వచ్చేది వినపడదు. ల్యాబులో కూర్చుంటే ఈ ముక్క తట్టదు.

నీకు నాలుగు నెలలే ఉంది. గ్లవ్ ఆపేసి, మీ కాలేజీలోనో పక్క కాలేజీలోనో వినపడని పిల్లలు ఉంటే వాళ్లను అడుగు. నేను అడిగినప్పుడు ఒకడు రాసిచ్చిన కాగితం ఇంకా నా దగ్గరుంది: "లెక్చరర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడతారు, తెలుగూ ఇంగ్లిషూ కలిపి. ఆ మాటలు నా ఫోన్‌లో అక్షరాలుగా రావాలి." మన కలగాపులగం తెలుగు కోసం అది చెయ్యి. ప్రైజు రాకపోవచ్చు.

ప్రశ్న: వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా? (హుజూరాబాద్)

2015లో ప్రధాని దివ్యాంగులు అనమన్నప్పటి నుంచి ఆఫీసుల్లో అదే వాడుతున్నారు. నా కాలిలో దివ్యత్వం నాకైతే ఎప్పుడూ కనపడలేదు. 2016 చట్టం ఏడు రకాల వైకల్యాలను ఇరవై ఒకటి చేసింది, ప్రభుత్వ ఉద్యోగాల్లో కోటా నాలుగు శాతం చేసింది, నాకు అది ముఖ్యం. పేరు పెట్టి పిలిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: నా మనవడు రెండు పాదాలూ లోపలికి తిరిగి పుట్టాడు. కోడలు గ్రహణం నాడు బయటికొచ్చి కత్తి పట్టిందని అందరూ అంటున్నారు. పెద్దయ్యాక ఆపరేషన్ చేయిద్దామా? (మెట్‌పల్లి)

అవ్వా, ముందు ఆ పిల్లను ఏమీ అనకండి. ఇది దాదాపు వెయ్యి కాన్పుల్లో ఒకరికి వస్తుంది, గ్రహణాలంటే ఏంటో పట్టించుకోని దేశాల్లో కూడా అంతే వస్తుంది, ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో రెండింతలు. ఎందుకొస్తుందో డాక్టర్లకే పూర్తిగా తెలియదు, వాడకట్టు వాళ్లకెట్లా తెలిసింది?

పెద్దయ్యాక అని ఆగొద్దు, ఈ వారమే తీసుకెళ్లండి. పసిబిడ్డ పాదం మెత్తటి మట్టిలాంటిది. స్పెయిన్ నుంచి అమెరికా వెళ్లిన ఇగ్నేషియో పోన్సేటి అనే డాక్టరు 1940ల చివర్లోనే కనిపెట్టిన పద్ధతి ఇది: వారానికోసారి పాదాన్ని చేత్తో నెమ్మదిగా కొద్దిగా తిప్పి పిండికట్టు వేస్తారు, మళ్లీ వారం విప్పి ఇంకొంచెం తిప్పుతారు, ఐదారు కట్లకు పాదం దారికొస్తుంది. చాలామందికి మడమ వెనక తాడులా ఉండే స్నాయువును చిన్నగా కోస్తారు, కుట్లు కూడా ఉండవు. ఇంత సులువైన దాన్ని తోటి డాక్టర్లు ఇంచుమించు యాభై ఏళ్లు పట్టించుకోలేదు, పెద్ద పెద్ద ఆపరేషన్లే చేశారు, ఆ పిల్లలు పెరిగాక పాదాలు కట్టెల్లా బిగుసుకుపోయి నొప్పులు పడ్డారు. చివరికి దీన్ని ఊరూరా చాటింది ఎవరనుకున్నారు, ఇంటర్నెట్‌లో ఒకరికొకరు చెప్పుకున్న తల్లిదండ్రులు.

అసలు పరీక్ష కట్లు విప్పాక మొదలవుతుంది. రెండు బూట్లకు మధ్యలో కడ్డీ ఉన్న పట్టీ ఇస్తారు. మొదటి మూడు నెలలు రోజుకు ఇరవై మూడు గంటలు, ఆ తర్వాత నాలుగైదేళ్ల వయసు దాకా పడుకున్నప్పుడల్లా వెయ్యాలి. పిల్లాడు ఏడుస్తాడు, "పాపం, ఒక్క రాత్రి తీసేద్దాం" అనేది నానమ్మే. మీరే కదా. ఆ ఒక్క రాత్రి పది రాత్రులవుతుంది, పాదం మళ్లీ తిరుగుతుంది. జిల్లా ఆస్పత్రిలో పిల్లల ఎముకల డాక్టర్ని, లేదా పిల్లల్లో లోపాలను తొలిదశలోనే చూసే డీఐఈసీ అనే కేంద్రాన్ని అడగండి.

ప్రశ్న: షుగర్‌తో కుడికాలు మోకాలి కింద తీసేశారు. విదేశీ కాలు రెండున్నర లక్షలంటున్నారు. నేను పొలంలో దిగాలి. (జమ్మికుంట)

మీరే జవాబు చెప్పేశారు, పొలంలో దిగాలన్నారు కదా. విదేశీ కాళ్లలో చాలావాటిని బూటు వేసుకుని నున్నటి నేల మీద నడిచేవాళ్ల కోసం చేశారు. జైపూర్‌లో 1960ల చివర్లో డాక్టర్ పి.కె. సేథీ దగ్గర రామచంద్ర శర్మ అనే పనివాడు ఉండేవాడు, చదువు తక్కువ, చేతిపని అద్భుతం. మన రోగులు ఇచ్చిన కాళ్లను ఇంట్లో పడేసి ఊతకర్రలతోనే ఎందుకు తిరుగుతున్నారో ఆయనకు అర్థమైంది: బాసింపట్టు వెయ్యలేరు, గొంతుకు కూర్చోలేరు, బురదలో దిగితే బూటు పాడు. అరిగిన టైరుకు కొత్త రబ్బరు వేసే రీట్రేడింగ్ చూసి, రబ్బరును అలా కాల్చి పాదం చేస్తే ఎలా ఉంటుందని మొదలుపెట్టాడు. జైపూర్ కాలు అదే. సేథీకి 1981లో మెగసెసే వచ్చింది, శర్మ పేరు మాత్రం చాలామందికి తెలియదు. నర్తకి సుధాచంద్రన్ కాలు పోయాక నాట్యం చేసింది జైపూర్ కాలితోనే. భగవాన్ మహావీర్ వికలాంగ సహాయత సమితి దాన్ని ఉచితంగా ఇస్తుంది. ముందు అది పెట్టుకుని ఒక పంట తియ్యండి. షుగర్ ఉంది కాబట్టి కోసేసిన కాలి మొండి చివర ఎర్రబడిందా, పొక్కిందా అని రోజూ సాయంత్రం అద్దంలో చూసుకోండి, మిగిలిన కాలు కూడా, అది అంతకన్నా ముఖ్యం.

ప్రశ్న: నాకు చూపు లేదు సార్. గ్రూప్స్‌కి చదువుతున్నాను. ఫోన్ న్యూస్ అంతా చదివిపెడుతుంది కానీ, కోచింగ్ వాళ్లిచ్చే తెలుగు పీడీఎఫ్ తెరిస్తే పిచ్చి పిచ్చిగా ఇంగ్లిష్ అక్షరాలు చదువుతుంది. ఫోన్ మార్చాలా? (జనగామ)

ఫోన్ తప్పు కాదమ్మా, మా అచ్చు వాళ్ల తప్పు. తెలుగు డీటీపీలో ఏళ్ల తరబడి అను ఫాంట్లు వాడుతున్నాం. అవి కంటికి తెలుగు, కంప్యూటర్‌కు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే, వాటి మీద తెలుగు బొమ్మ అంటించినట్టు. ఫోన్‌లో చదివిపెట్టే టాక్‌బ్యాక్ ఆ బొమ్మను చూడలేదు, లోపల ఉన్నదే చదువుతుంది. కంప్యూటర్‌కు కూడా తెలుగు అక్షరంగానే తెలిసే యూనికోడ్‌లో కొడితే ఈ తిప్పలే ఉండదు. ఈ పత్రిక పీడీఎఫ్ కూడా అలాంటిదే, మా సంపాదకుడికి రెండుసార్లు చెప్పాను, ఇది మూడోసారి, అందరి ముందూ.

ఇప్పటికి మార్గాలు రెండు. కోచింగ్ వాళ్లను పేజీలు కూర్చిన అసలు పేజ్‌మేకర్ ఫైలే అడిగి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లో వేయించుకోండి, అక్కడక్కడా ఒత్తులు తప్పుతాయి, సర్దుకోవాలి. లేదా గూగుల్ లెన్స్‌తో పేజీని అక్షరాలుగా మార్చుకోండి, అచ్చు స్పష్టంగా ఉంటే బాగానే వస్తుంది, పట్టికలు మాత్రం చెడిపోతాయి. కంప్యూటర్ దొరికితే తెర మీద ఉన్నది చదివిపెట్టే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి, ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. 2006లో దాన్ని మొదలుపెట్టిన ఆస్ట్రేలియా కుర్రాళ్లు మైకేల్ కరన్, జేమ్స్ టే ఇద్దరికీ చూపు లేదు. అప్పట్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనాలంటే కంప్యూటర్ కన్నా ఎక్కువయ్యేది, ఆ బాధ పడ్డవాళ్లే చేసుకున్నారు కాబట్టి ఉచితంగా ఇచ్చారు. పరీక్షలో మీ బదులు రాసిపెట్టే స్క్రైబ్‌తో పాటు గంటకు ఇరవై నిమిషాలు అదనపు సమయం మీ హక్కు, అప్లికేషన్‌లోనే టిక్ పెట్టండి, హాల్లో అడిగితే వాదన అవుతుంది.

పై ఇంజనీరింగ్ బాబూ, ఈ జవాబు కూడా చదువు. ఒత్తులు తప్పని కన్వర్టర్ ఒకటి చేసిపెడితే ఈ అమ్మాయి నీకు ప్రైజు ఇస్తుంది.

ప్రశ్న: నాకు 48 ఏళ్లు, రెండేళ్ల వయసులో కుడికాలికి పోలియో. సిరిసిల్లలో టైలర్ని. ఇన్నేళ్లూ బాగానే చేసుకున్నాను, రెండేళ్లుగా మధ్యాహ్నానికే ఒళ్లు చచ్చిపోతోంది, మంచి కాలు కూడా వణుకుతోంది. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటున్నారు. పోలియో మళ్లీ వస్తుందా అన్నా?

తమ్ముడూ, రాదు. వైరస్ ఎప్పుడో పోయింది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో, 2014లో పోలియో లేదని ప్రకటించారు కూడా. కానీ నువ్వు చెప్పింది బద్ధకం కాదు, దానికి పేరుంది, పోస్ట్ పోలియో సిండ్రోమ్. పోలియో వచ్చిన వందలో పాతిక నుంచి నలభై మందికి, ఎన్నో ఏళ్ల తర్వాత వస్తుంది. పోలియో పోయిందని దేశం పండగ చేసుకుంది, పోలియో వచ్చినవాళ్లు మాత్రం ఇంకా ఉన్నామని చాలామంది కుర్ర డాక్టర్లకు గుర్తుండదు, వాళ్లు కొత్త కేసు చూసి ఉండరు కదా.

ఏం జరుగుతుందంటే, వైరస్ వెన్నుపాములో కండరాలను నడిపే నరాల కణాలను చంపింది. మిగిలిన కణాలు కొత్త కొమ్మలు వేసి, దిక్కులేకుండా పోయిన కండర పోగులను కూడా తమ కిందికి తెచ్చుకున్నాయి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోతే పక్క ట్రాన్స్‌ఫార్మర్ మీదికి నాలుగు వాడల లోడు వేసినట్టు. నలభై ఏళ్లు లాగింది, ఇప్పుడు వేడెక్కుతోంది. మంచి కాలు అంటున్నావు చూడు, దానికి కూడా అప్పట్లో కొంచెం తగిలే ఉండొచ్చు, పైగా ఇన్నేళ్లూ రెండు కాళ్ల బరువు అదే మోసింది.

దీన్ని తేల్చే ఒక్క రక్తపరీక్ష లేదు, మిగతావి కావని చూడాలి. థైరాయిడ్, బీ12, షుగర్, రక్తం శాతం చేయించుకుని న్యూరాలజీ డాక్టర్ దగ్గరికి వెళ్లు. మందు బిళ్ల లేదు, వాడకం మార్చుకోవడమే మందు. "కండ పెరగాలి, ఎక్సర్‌సైజ్ ఎక్కువ చెయ్" అని ఎవరన్నా చెబితే వినకు, మనకది రివర్స్. అలసట రాకముందే ఆగాలి, వచ్చాక కాదు. నేను ఇది నేర్చుకోవడానికి మూడేళ్లు పట్టింది, క్లాసులో నిలబడే చెప్పాలని మొండిపట్టు పట్టి రెండుసార్లు బోర్డు దగ్గరే కూలబడ్డాను. కుట్టు మిషన్‌కి మోటారు పెట్టించుకో, తొక్కుడు ఆపెయ్. మధ్యాహ్నం అరగంట నడుం వాల్చు, గిరాకీ పోదు. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరుకు పోలియో సంగతి ముందే చెప్పు.

కాలికి ఆసరాగా కట్టుకునే క్యాలిపర్ ఎప్పటిది? ఇనుపదా? చిన్నప్పుడు నాకు చేసిచ్చింది నాకన్నా బరువుండేది, బడి వరండాలో నేను వస్తున్నానని వీధి చివరికే తెలిసేది. హైదరాబాద్ నిమ్స్‌లో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న అలాంటి క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడాన్ని ఎముకల డాక్టరు ఒకాయన అబ్దుల్ కలాంకు చూపించాడు, ఆయన ల్యాబులో క్షిపణుల కోసం చేసిన తేలికపాటి పదార్థం చేత్తో ఎత్తి చూసి. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్ చేసిపెట్టారు. అగ్ని క్షిపణి ఎంత దూరం పోయిందో నాకు గుర్తులేదు కానీ ఇది గుర్తుంది. ఇప్పుడు ప్లాస్టిక్, కార్బన్ ఫైబర్‌వి దొరుకుతున్నాయి, పాతదాన్ని మార్చుకో. ఇలాంటి పరికరాలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో వాళ్ల క్యాంపులు జిల్లాల్లో పెడుతుంటారు, వైకల్యం గుర్తింపుకిచ్చే యూడీఐడీ కార్డు, ఆదాయం సర్టిఫికెట్ జిరాక్సులు దగ్గర ఉంచుకుంటే అక్కడ పని అవుతుంది. పక్క చక్రాల స్కూటర్ కొన్నప్పుడు మా వాళ్లు కూడా "ఇన్నాళ్లూ నడిచావుగా" అన్నారు. నడిచాను కాబట్టే కొన్నానని చెప్పాను.

ఇంకొకటి, చలికాలంలో ఆ కాలు నీలంగా, మంచులా అవుతుందా? నాకూ అంతే, దానికి రక్తం సరిగా తిరగదు. వేడి నీళ్ల సంచీ పెట్టకు, కాలితే ఆ చర్మం తొందరగా మానదు. పొద్దున్నే పక్క దిగకముందే రెండు జతల ఊలు సాక్సులు తొడుక్కో, చల్లబడ్డాక వేసుకుంటే లాభం లేదు.